గుండె చప్పుడుతో జతకట్టే పరికరం: సందేహం వస్తే అది ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. బయోమెడికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ముగ్గురు విద్యార్థులు, కణజాలానికి చిన్న చిన్న విద్యుత్ పల్స్‌లు ఇచ్చే చికిత్స పరికరాన్ని తయారుచేస్తున్నారు. ప్రతి పల్స్ గుండె చప్పుడుతో జతగా వెళ్ళాలి. వేలికి తొడిగే ఆప్టికల్ సెన్సర్‌తో నాడిని పట్టుకుంటున్నారు, 99 శాతం సరిగ్గా వస్తోందట. "నాడి దొరికాక ఎన్ని మిల్లీసెకన్లు ఆగి పల్స్ వదలాలి?" అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. వేలి సెన్సర్‌తో ఈ పని చేయకండి. ఆలస్యం ఎంత పెట్టినా సరే, చేయకండి. ఎందుకో వివరిస్తే మీ డిజైన్‌లో సగం ప్రశ్నలు వాటంతట అవే తేలిపోతాయి కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను. ఆసుపత్రుల్లో డీఫిబ్రిలేటర్లు (గుండెకు షాక్ ఇచ్చే మిషన్లు), బెలూన్ పంపులు, మానిటర్లు చూసుకునే పనిలో నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. ఇందులో చాలా సంగతులు రోగి పక్కన నిలబడి నేర్చుకున్నవే.

ఈసీజీలో, అంటే గుండె విద్యుత్తును చూపే గీతలో, ప్రతి చప్పుడుకూ నిటారుగా లేచే ఆర్ వేవ్ శిఖరం వచ్చిన క్షణాన్ని సున్నా అనుకుందాం. ఆ క్షణానికి జఠరికలకు (గుండె కింది గదులకు) విద్యుత్ సంకేతం చేరింది గానీ రక్తం ఇంకా బయటికి రాలేదు. లోపల ఒత్తిడి పెరిగి బృహద్ధమని కవాటం తెరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ ఒత్తిడి అల భుజం, మోచేయి దాటి వేలి కొసకు చేరడానికి మరికొంత. రెండూ కలిపితే సుమారు 200 నుంచి 300 మిల్లీసెకన్లు. ఇప్పుడు నిమిషానికి 60, 70 సార్లు కొట్టుకునే గుండెలో, ఆర్ వెనకాల వచ్చే టీ వేవ్ శిఖరం ఎక్కడుంటుందో చూడండి. ఆర్ తర్వాత దాదాపు 250, 300 మిల్లీసెకన్ల దగ్గరే. అంటే మీ సెన్సర్ "ఇదిగో చప్పుడు" అని చెప్పే క్షణమూ, గుండెకు బయటి విద్యుత్తు అస్సలు తగలకూడని క్షణమూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పైగా ఆ 200–300 అనేది నిలకడగా ఉండే అంకె కాదు. చేతులు చల్లబడితే మారుతుంది, బీపీ పడితే మారుతుంది, రక్తనాళాల మీద పనిచేసే మందు ఎక్కిస్తే మారుతుంది. కదిలే గీత నుంచి కొలిచిన ఆలస్యానికి అర్థం లేదు.

టీ వేవ్ అంటే ఎందుకంత భయం? జఠరిక కండర కణం ఒకసారి ఉత్తేజితమైతే, విశ్రాంతిలో ఉన్న మనిషిలో దాదాపు పావు సెకను పాటు కొత్త ప్రేరణకు లొంగదు. దాన్నే రిఫ్రాక్టరీ కాలం అంటారు. ఆ తర్వాత తేరుకుంటుంది. ఈసీజీలో టీ వేవ్‌గా మనకు కనిపించేది ఈ తేరుకోవడమే. చిక్కంతా కణాలన్నీ ఒకేసారి తేరుకోకపోవడంలో ఉంది. టీ శిఖరానికి కాస్త ముందు నుంచి శిఖరం దాకా ఉండే ఆ కొద్ది మిల్లీసెకన్లలో ఒకచోట కండరం సిద్ధంగా ఉంటుంది, పక్కనే ఇంకోచోట ఉండదు. అప్పుడు బయటి పల్స్ పడితే, సిద్ధంగా ఉన్నచోట అల పుడుతుంది, సిద్ధంగా లేని చోటికి వెళ్ళి ఆగిపోతుంది, పక్కదారి పట్టి చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. ఈలోగా అక్కడి కణాలు మళ్ళీ సిద్ధమై ఉంటాయి. ఇక ఆ సుడి ఆగదు, ముక్కలై గుండెంతా పాకుతుంది. జఠరికలు కొట్టుకోవడం మానేసి వణుకుతాయి. రక్తప్రసరణ ఆ క్షణమే ఆగిపోతుంది. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అనేది అదే.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1914లోనే జార్జ్ మైన్స్ కుందేలు గుండె మీద, సరిగ్గా ఆ క్షణంలో తగిలిన ఒక్క షాక్ చాలు ఫిబ్రిలేషన్‌కి అని చూపించాడు. 1940లో విగర్స్, వెగ్రియా ఆ ప్రమాదకర కాలం హద్దులను కుక్కల గుండెల మీద కొలిచారు. అప్పటికి అది ప్రయోగశాల విషయం. లయ తప్పిన గుండెను షాక్‌తో సరిచేయడం మొదలయ్యాక ఆస్పత్రి విషయమైంది. మొదట్లో ఏసీ కరెంటు వాడేవాళ్ళు, అది హృదయ చక్రంలో ఎక్కడ పడుతుందో చూసే ఏర్పాటు లేదు. 1962లో బెర్నార్డ్ లౌన్ బృందం కెపాసిటర్ నుంచి వచ్చే డీసీ షాక్‌ను, అదీ టీ వేవ్‌ను తప్పించి ఆర్ వేవ్‌కు జతచేసి ఇచ్చే పద్ధతిని ప్రచురించింది. కార్డియోవర్షన్ అని ఇవాళ మనం అనేది అక్కడ మొదలైంది. డీఫిబ్రిలేటర్ మీద సింక్ అని రాసి ఉండే బటన్ వెనుక ఉన్న కథ ఇదే.

ఇక మీ 99 శాతం. నిమిషానికి 75 చొప్పున కొట్టుకునే గుండె గంటకు 4,500 సార్లు కొట్టుకుంటుంది. అందులో ఒక శాతం అంటే 45. గంటసేపు సాగే చికిత్సలో 45 సార్లు మీ పరికరం పొరబడుతుంది. ఆ 45 ఎలాంటివి అన్నది మీ అంకెలో లేదు. వచ్చిన చప్పుడును చూడకపోవడం ఒక రకం పొరపాటు, రాని చప్పుడును వచ్చిందనుకోవడం ఇంకో రకం. మొదటిదాని వల్ల ఒక పల్స్ తగ్గుతుంది, చికిత్స ఒక సెకను ఆలస్యమవుతుంది, అంతే. రెండోదాని వల్ల పల్స్ ఎక్కడైనా పడవచ్చు, టీ మీద కూడా. ఈ రెంటినీ కలిపి ఒకే శాతంగా రాస్తే అసలు విషయం దాగిపోతుంది. రిపోర్టులో రెండూ విడివిడిగా రాయండి. మీ పరికరానికి మొదటి రకం పొరపాట్లు వంద జరిగినా ఫరవాలేదు, రెండో రకం ఒక్కటి కూడా జరగకూడదు. డిటెక్టర్ థ్రెషోల్డులన్నీ ఆ లెక్కతో పెట్టండి.

నా కళ్ళ ముందు జరిగినది ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక ఆసుపత్రి ఐసీయూలో, కర్ణికల (గుండె పై గదుల) లయ తప్పిన రోగికి ముందే అనుకున్న కార్డియోవర్షన్. మిషన్ చూసుకోవడానికి నన్ను పిలిచారు. రోగికి మత్తు ఇచ్చారు, ప్యాడ్లు అతికించారు, సింక్ నొక్కారు. తెరమీద ప్రతి చప్పుడు మీదా చిన్న గుర్తు పడుతోంది. సింక్ అయింది అనుకున్నాం అందరం. చార్జ్ చేయబోతుండగా మంచం అవతలి వైపున్న నర్సు, "సార్, ఒక్క నిమిషం. గుర్తు రెండో దానిమీద పడుతోంది చూడండి" అంది. నిజమే. ఆ లీడ్‌లో, అంటే ఈసీజీ గుండెను చూసే ఆ కోణంలో, ఆర్ చిన్నగా ఉంది, దాని వెనకాల టీ దానికంటే ఎత్తుగా ఉంది. మిషన్ ఎత్తైనదాన్ని ఎంచుకుంది. అన్ని చప్పుళ్ళకూ కాదు, మూడు నాలుగింటికి ఒకసారి. లీడ్ రెండు నుంచి లీడ్ ఒకటికి మార్చాం. అక్కడ ఆర్ నిటారుగా, పొడుగ్గా ఉంది, టీ చదునుగా ఉంది. గుర్తులన్నీ ఆర్ మీదికి సర్దుకున్నాయి. డాక్టర్‌గారు నిమిషం పాటు ఒక్కో గుర్తూ చూసి, అప్పుడు షాక్ ఇచ్చారు. రోగికి ఏమీ కాలేదు, లయ దారిలో పడింది. ఆవిడ చూడకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకిప్పటికీ ఇష్టం లేదు.

ఆ రోజు నుంచి ఎవరికి శిక్షణ ఇచ్చినా నేను ముందు చెప్పేది గుర్తు గురించే. సింక్ దీపం వెలిగితే మిషన్‌కి ఏదో ఒకటి దొరికిందని మాత్రమే అర్థం. దొరికింది ఆర్ అవునో కాదో తెరమీద మనిషి చూడాలి. మీ పరికరంలోనూ ఇది తప్పనిసరి. ఈసీజీ గీత, దాని మీద మీ డిటెక్టర్ పెట్టిన గుర్తు, పల్స్ పడబోయే చోటు, ఈ మూడూ ఒకే తెరమీద కనబడాలి. ఆపరేటర్ చూసి సరేనన్నాకే మొదటి పల్స్ వెళ్ళాలి.

డీఫిబ్రిలేటర్ నుంచి నేర్చుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి, ఎందుకంటే ఆ మిషన్లు దశాబ్దాల అనుభవంతో తయారైనవి. షాక్ బటన్ నొక్కగానే షాక్ వెళ్ళదు, తర్వాతి ఆర్ కోసం కాచుకుంటుంది. అందుకే బటన్ నొక్కి పట్టుకోమంటారు. డీఫిబ్రిలేటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-2-4 ప్రకారం ఆర్ శిఖరం నుంచి షాక్ దాకా ఆలస్యం 60 మిల్లీసెకన్లు దాటకూడదు. బయటి మానిటర్ నుంచి సింక్ పల్స్ తీసుకుంటే, ఆ పల్స్ అందాక డీఫిబ్రిలేటర్‌కి ఉన్న గడువు 25 మిల్లీసెకన్లే. అంటే మొత్తం 60లోనే ఉండాలంటే ఆర్‌ను గుర్తించి పల్స్ పంపడానికి మానిటర్‌కి మిగిలేది 35. మానిటర్ ఒక కంపెనీది, డీఫిబ్రిలేటర్ ఇంకో కంపెనీది అయినప్పుడు ఈ కూడిక ఎవరో ఒకరు చేసి చూడాలి. చాలాచోట్ల ఆ పని ఎవరూ చేయరు.

ఇంకొకటి. షాక్ ఇచ్చాక చాలా మిషన్లు సింక్ నుంచి బయటికి వచ్చేస్తాయి. కారణం ఉంది. షాక్ వల్ల ఒకవేళ ఫిబ్రిలేషన్ మొదలైతే వెంటనే రెండో షాక్ ఇవ్వాలి. అప్పుడు ఆర్ ఉండదు. సింక్‌లోనే ఉండిపోతే మిషన్ రాని ఆర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కానీ అదే సౌకర్యం వల్ల మొదటి షాక్ పనిచేయక రెండోది ఇవ్వాల్సి వచ్చినప్పుడు, మళ్ళీ సింక్ నొక్కడం మరిచిపోతే షాక్ ఎక్కడైనా పడుతుంది. కొన్ని మోడళ్ళలో సింక్ అలాగే ఉండేటట్టు సెట్టింగ్ మార్చుకోవచ్చు. ఒకే వార్డులో రెండు రకాల మిషన్లూ ఉంటే మరీ ప్రమాదం. మీ వార్డులోది ఏ రకమో తెలియకుండా దాన్ని వాడవద్దని నేను నర్సులకు గట్టిగా చెబుతాను. చేత్తో పట్టుకునే ప్యాడిల్స్‌నే ఈసీజీ మూలంగా పెట్టుకుని సింక్ చేయడం కూడా మంచిది కాదు. చేయి కదిలితే వచ్చే గీతను మిషన్ ఆర్ అనుకోగలదు. విడిగా ఎలక్ట్రోడ్లు పెట్టండి.

ఇప్పుడు మీ డిటెక్టర్ సంగతి. ఈసీజీకి మారితే మీరు తప్పకుండా ఆర్‌ను గుర్తించడానికి పాన్, టాంప్‌కిన్స్ 1985లో ప్రచురించిన పద్ధతిని ఎత్తుకుంటారు. అందరూ అదే ఎత్తుకుంటారు. మంచి పద్ధతి, నాకు దానిమీద గౌరవం ఉంది. క్యూఆర్ఎస్ (ఆర్ శిఖరం, దాని ఇరుపక్కల చిన్న వంపులు కలిసిన భాగం) శక్తి ఎక్కువగా ఉండే 5 నుంచి 15 హెర్ట్జ్ పట్టీని వడగట్టి, వాలు తీసి, వర్గం చేసి, 150 మిల్లీసెకన్ల కిటికీలో సగటు తీస్తుంది. 360 మిల్లీసెకన్ల లోపు వచ్చిన రెండో శిఖరాన్ని టీ కావచ్చని అనుమానిస్తుంది కూడా. కానీ దాని ఫిల్టర్ల ఆలస్యం కలిపి చూడండి. 200 హెర్ట్జ్ శాంప్లింగ్‌లో లో-పాస్ దగ్గర సుమారు 25, హై-పాస్ దగ్గర 80, డెరివేటివ్ దగ్గర 10. సగటు కిటికీ దాకా పోకుండానే 115 మిల్లీసెకన్లు అయిపోయాయి. చప్పుళ్ళు లెక్కపెట్టడానికి ఇది ఏమాత్రం అడ్డు కాదు. వెంటనే ఏదైనా చేయాలంటే మాత్రం పెద్ద అడ్డు. 60 మిల్లీసెకన్ల గడువున్న పనికి 115 మిల్లీసెకన్ల తర్వాత జవాబిచ్చే డిటెక్టర్ పనికిరాదు. ఇలాంటి కోడ్‌ను కంప్యూటర్‌లో రికార్డు చేసిన ఈసీజీ మీద నడిపి చూస్తే గుర్తు సరిగ్గా ఆర్ మీదే కనిపిస్తుంది, ఎందుకంటే ప్రోగ్రామ్ ఆలస్యాన్ని వెనక్కి జరిపి గీస్తుంది. నిజమైన సమయంలో వెనక్కి జరపడం కుదరదు కదా. విద్యార్థుల ప్రాజెక్టుల్లో నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఇదే.

మీకు కావలసింది తక్కువ ఆలస్యమున్న ఫిల్టర్, వాలు మీద, ఎత్తు మీద రెండింటి మీదా నిలిచే నిర్ణయం, ఆర్ శిఖరం తర్వాత 20, 30 మిల్లీసెకన్లలో జవాబు. ఫిల్టర్ తేలికైతే తప్పుడు గుర్తులు పెరుగుతాయి, నిజమే. వాటిని వడగట్టే పని తర్వాతి మెట్టు మీద పెట్టండి. ఈసీజీ సంకేతాన్ని బ్లూటూత్ మీద పంపే ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి. అందులో ఆలస్యం ఎంతుంటుందన్నది ఒక బాధ, అది ఒక్కోసారి ఒక్కోలా ఉండడం అంతకు మించిన బాధ.

ఆ వడగట్టే మెట్టు ఎలా ఉండాలో ఒక లెక్కతో చూపిస్తాను. గత ఎనిమిది ఆర్–ఆర్ విరామాల మధ్యస్థం తీసి, కొత్త విరామం అందులో 75 శాతం కంటే తక్కువైతే పల్స్ వదలవద్దు అని నియమం పెట్టారనుకుందాం. విరామం 800 మిల్లీసెకన్లు, టీ 280 దగ్గర ఉంది. డిటెక్టర్ పొరబడి టీని పట్టుకుంటే విరామం 280 వస్తుంది, నియమం ఆపేస్తుంది. తర్వాత అసలు ఆర్ వచ్చేసరికి విరామం 520, అదీ 600 కంటే తక్కువే, అదీ ఆగిపోతుంది. బాగుంది. ఇప్పుడు గుండె వేగం 120కి పెరిగిందనుకోండి. ఆర్–ఆర్ 500, టీ 240 దగ్గరుంది. డిటెక్టర్ ప్రతిసారీ ఆర్‌నూ టీనీ రెంటినీ పట్టుకోవడం మొదలుపెట్టింది. విరామాలు 240, 260, 240, 260. మీ మధ్యస్థం మెల్లగా 250కి జారిపోతుంది. అప్పుడు నియమానికి అన్నీ సబబుగానే కనిపిస్తాయి. టీ మీద కూడా పల్స్ వెళ్ళిపోతుంది. కాబట్టి సగటుతో మారే నియమం ఒక్కటే చాలదు. దాని పక్కన మారని గీత ఒకటి ఉండాలి. 400 మిల్లీసెకన్ల కంటే తక్కువ విరామం దేనికీ పల్స్ లేదు అని పెట్టండి. నిరాకరించిన చప్పుళ్ళను మధ్యస్థంలో కలపవద్దు. ఈ రెండు నియమాలూ పెడితే నిజంగానే గుండె వేగం పెరిగినప్పుడు పరికరం ఆగిపోతుంది. ఆగనివ్వండి, ఆపరేటర్ చూసి మళ్ళీ మొదలుపెడతారు.

ఈ లెక్కకు కూడా అందనిది ఒకటి ఉంది. ఆర్ మరీ చిన్నగా ఉండి, డిటెక్టర్ ప్రతి చప్పుడుకూ టీని మాత్రమే పట్టుకుంటే విరామాలు 800, 800, 800 అని చక్కగా వస్తాయి. ఏ విరామ నియమమూ దాన్ని పసిగట్టలేదు. ఐసీయూలో ఆ నర్సు కన్ను చేసిన పనిని కోడ్ చేయలేని చోటు ఇదే. రెండు లీడ్లు తీసుకుని, రెండింటిలోనూ గుర్తు ఒకేచోట పడితేనే ఒప్పుకోవడం కొంత సాయం చేస్తుంది. అయినా తెరమీద గుర్తు ఉండి తీరాలి.

గుండెలో మామూలు చోట కాక వేరేచోట పుట్టి ముందుగా వచ్చే ఎక్టోపిక్ చప్పుళ్ళ గురించి అడగలేదు గానీ అవి వచ్చి తీరతాయి. అలాంటి చప్పుడులో క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉంటుంది, మీ డిటెక్టర్ దాని శిఖరాన్ని ఆలస్యంగా పట్టుకోవచ్చు. అలాంటిది కనబడితే దానికీ, దాని తర్వాతి చప్పుడుకూ పల్స్ వదలకండి. మీ పల్స్‌ల వల్లే అవి పుడుతుంటే, అంటే పల్స్ మొదలుపెట్టాక పెరిగి ఆపితే తగ్గుతుంటే, అది గుండె ఇస్తున్న హెచ్చరిక. తర్వాతి ఆర్ ఎప్పుడొస్తుందో సగటు చూసి ఊహించి పల్స్ వదిలే పద్ధతి మీ పరికరంలో అస్సలు వద్దు. కర్ణికల ఫిబ్రిలేషన్ ఉన్న రోగిలో ఏ రెండు విరామాలూ ఒకేలా ఉండవు.

మీ ప్రాజెక్టుకు దగ్గరి చుట్టాలు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. కణితి చుట్టూ సూదులు పెట్టి వేల వోల్టుల పల్స్‌లతో కణాల పొరకు చిల్లులు పొడిచే ఎలక్ట్రోపొరేషన్ చికిత్సలో, ఆర్ గుర్తించాక 50 మిల్లీసెకన్లకు పల్స్ ఇవ్వడం అలవాటు. పల్స్ వెడల్పు వంద మైక్రోసెకన్ల లోపే. 50 మిల్లీసెకన్ల దగ్గర జఠరికలు పూర్తిగా రిఫ్రాక్టరీలో ఉంటాయి, టీ ఇంకా చాలా దూరం. మీరు అడిగిన ఆలస్యానికి నేనిచ్చే జవాబు కూడా అక్కడే మొదలవుతుంది. కిడ్నీలో రాళ్ళను షాక్‌వేవ్‌తో పగలగొట్టే చికిత్స 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో మొదటి రోగికి ఇచ్చారు. తొలితరం మిషన్లలో ఎక్టోపిక్ చప్పుళ్ళు రాకుండా ప్రతి తరంగాన్నీ ఆర్‌కు ముడిపెట్టేవాళ్ళు. తర్వాత చాలాచోట్ల ఆ ముడి తీసేసి స్థిరమైన వేగంతో ఇస్తున్నారు, లయ తప్పితే మళ్ళీ ఆర్‌కు ముడిపెడతారు. అక్కడ తగిలేది యాంత్రిక తరంగం కాబట్టి ఆ వెసులుబాటు ఉంది. విద్యుత్ పల్స్ ఇచ్చే మీకు లేదు.

ఇంతవరకూ నేను చెప్పినదంతా సందేహం వస్తే ఆగిపో అనే దారిలో ఉంది. మీ పరికరానికి అదే సరైన దారి. అన్ని పరికరాలకూ అది సరిపోదు, ఈ తేడా మీ సమీక్షలో ఎవరైనా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పేస్‌మేకర్‌ను తీసుకోండి. చుట్టూ విద్యుత్ గోల ఎక్కువై చప్పుడు వచ్చిందో లేదో తెలియనప్పుడు అది ఆగిపోతే, దానిమీదే ఆధారపడ్డ రోగి గుండె ఆగిపోవచ్చు. అందుకని చాలా పేస్‌మేకర్లు అలాంటప్పుడు గుండె సంకేతం వినడం మానేసి స్థిరమైన వేగంతో పల్స్‌లు ఇస్తాయి. టీ మీద పడే ప్రమాదం కొంత ఉందని తెలిసే ఆ నిర్ణయం తీసుకున్నారు, ఎందుకంటే ఆ పల్స్ చాలా చిన్నది, గుండె ఆగిపోవడం అంతకంటే చాలా పెద్దది.

అలసిపోయిన గుండెకు సాయంగా బృహద్ధమనిలో పెట్టే బెలూన్ పంపుది మరో రకం. సాధారణంగా 40 మిల్లీలీటర్ల బెలూన్, సన్నటి గొట్టంలోంచి వేగంగా పోయి రావడానికి తేలికైన హీలియం. గుండె సంకోచం అయిపోయి కవాటం మూసుకోగానే, పీడన గీతలో చిన్న నొక్కు కనబడేచోట ఉబ్బాలి. తర్వాతి సంకోచానికి ముందు ముడుచుకోవాలి. ముందే ఉబ్బినా, ఆలస్యంగా ముడుచుకున్నా అలసిపోయిన గుండె ఉబ్బిన బెలూన్‌కు ఎదురు తోయాల్సి వస్తుంది. ఈ రెండూ చెడ్డ తప్పులు. ఆలస్యంగా ఉబ్బడం, ముందే ముడుచుకోవడం అయితే సాయం తగ్గుతుంది, అంతటి కీడు చేయవు. టైమింగ్ చూడాలంటే రెండు చప్పుళ్ళకు ఒకసారి పనిచేసేలా పెట్టి, పంపు సాయం చేసిన చప్పుడునూ చేయని చప్పుడునూ పక్కపక్కన చూస్తాం. బెలూన్ ముడుచుకున్నాక వచ్చే అట్టడుగు పీడనం, సాయం లేని చప్పుడు దానికంటే కిందికి దిగాలి. పైన ఉందంటే ఆలస్యంగా ముడుచుకుంటోందన్నమాట. ఇక్కడ ముడుచుకునే క్షణాన్ని కొంత ముందే ఊహించక తప్పదు, లయ తప్పిన రోగిలో ఆ ఊహ మానేసి ఆర్ రాగానే ముడుచుకునేలా మారుస్తారు. సందేహం వస్తే ముడుచుకుని ఉండడమే క్షేమం, అయితే ఎక్కువసేపు కాదు. కదలని బెలూన్ మీద రక్తం గడ్డకడుతుంది, అరగంట కంటే ఎక్కువ అలా ఉంచకూడదు. మీ రిస్క్ ఫైల్ మొదటి పేజీలో మీ పరికరానికి ఈ ప్రశ్నకు జవాబు ఒక వాక్యంలో రాయండి: సంకేతం మీద నమ్మకం పోయినప్పుడు ఇది ఏ స్థితికి వెళుతుంది, ఆ స్థితిలో రోగి ఎంతసేపు క్షేమంగా ఉంటాడు.

ఒక చిన్న పక్కమాట. ఎప్పుడైనా ఎంఆర్ఐ గదిలో ఈసీజీతో పని చేయాల్సి వస్తే, అక్కడి గీతను నమ్మకండి. అయస్కాంత క్షేత్రంలో పారే రక్తమే వోల్టేజీ పుట్టిస్తుంది, అది సరిగ్గా టీ ఉండేచోట పడి టీని ఆర్ అంత ఎత్తుకు లేపుతుంది.

హార్డ్‌వేర్ దగ్గర నా పట్టుదల ఒకటే. పల్స్ వదలాలా వద్దా అనే చివరి మాట సాఫ్ట్‌వేర్ ఒక్కదాని చేతిలో పెట్టకండి. ఆర్ గుర్తు రాగానే తెరుచుకుని, ఆర్ నుంచి 100 మిల్లీసెకన్లు దాటేలోపు తనంతట తానే మూసుకునే గేటు ఒకటి విడి టైమర్‌తో కట్టండి. ప్రాసెసర్ పల్స్ అడిగినా గేటు తెరిచి లేకపోతే పల్స్ వెళ్ళకూడదు. ఒక ఆర్‌కు ఒకే పల్స్, అదీ హార్డ్‌వేర్‌లోనే. ప్రాసెసర్ స్తంభించినా, ఎలక్ట్రోడ్ ఊడినా, పవర్ పోయి వచ్చినా పల్స్ ఆగి ఉండే స్థితే రావాలి. ఈసీజీ ఇన్‌పుట్ పూర్తిగా ఐసోలేట్ అయి ఉండాలి. గుండెకు నేరుగా తగలగల సీఎఫ్ రకం భాగాలకు ఐఈసీ 60601-1 పెట్టిన లీకేజీ హద్దు మామూలు స్థితిలో 10 మైక్రోఆంపియర్లు, ఒక లోపం ఉన్నప్పుడు 50. యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కు కలిపిన బోర్డు ఆ హద్దు దరిదాపుల్లో ఉంటుందని నమ్మడానికి ఏ ఆధారమూ ఉండదు. మీ మీద గానీ, స్నేహితుల మీద గానీ ఒక్కసారి కూడా పెట్టి చూడకండి. ఈ మాట బతిమాలి చెబుతున్నాను.

పరీక్షకు మనిషి అక్కర్లేదు. ఈసీజీ సిమ్యులేటర్ తెచ్చుకోండి. రెండు చానెళ్ళ ఆసిలోస్కోప్‌లో ఒకదానికి సిమ్యులేటర్ ఈసీజీ, రెండోదానికి మీ పల్స్ అవుట్‌పుట్. ఆర్ శిఖరం నుంచి పల్స్ దాకా కొలవండి. తెరను పాత గీతలు చెరగని పర్సిస్టెన్స్‌లో పెట్టి అరగంట వదిలేస్తే పల్స్‌లన్నీ ఒకదాని మీద ఒకటి పడి మందపాటి గీతలా కనబడతాయి. ఆ గీత మందమే మీ జిట్టర్, అంటే పల్స్ పడే సమయంలోని ఊగిసలాట. సగటు కాదు, దాని కుడి అంచు ఎక్కడుందో రాసుకోండి. తర్వాత టీ ఎత్తు పెంచుకుంటూ పోండి, ఆర్ ఎత్తు తగ్గించండి, పేస్‌మేకర్ స్పైకులు కలపండి, 50 హెర్ట్జ్ గోల కలపండి, నడుస్తుండగా ఒక లీడ్ పీకేయండి. ఆపైన ఎంఐటీ–బీఐహెచ్ అరిథ్మియా డేటాబేస్‌లోని 48 రికార్డులను డిజిటల్ నుంచి అనలాగ్‌లోకి మార్చి మీ ఇన్‌పుట్‌కే ఇవ్వండి. అందులో ప్రతి చప్పుడుకూ నిపుణులు పెట్టిన గుర్తులున్నాయి, కాబట్టి మీ పల్స్ ఎక్కడ పడిందో ఒక్కొక్కటీ సరిచూసుకోవచ్చు. ఎన్ని చప్పుళ్ళు వదిలేశారన్నది రెండో వరుసలో రాయండి. ఆర్ తర్వాత 100 మిల్లీసెకన్ల కిటికీ బయట ఎన్ని పల్స్‌లు పడ్డాయన్నది మొదటి వరుసలో రాయండి, అక్కడ సున్నా వచ్చేదాకా మిగతా పని పక్కన పెట్టండి.

వేలి సెన్సర్‌ను పారేయకండి. పల్స్‌లు నడుస్తున్నంతసేపూ రక్తం నిజంగా పారుతోందో లేదో చూసి, నాడి అందకపోతే పరికరాన్ని ఆపి అలారం మోగించడానికి అది బాగా పనికొస్తుంది. ఈసీజీ ఫ్రంట్ ఎండ్ కట్టాక, ఎత్తైన టీ ఉన్న సంకేతంతో తీసిన ఆసిలోస్కోప్ ఫొటో పంపండి, మీ ఆలస్యం లెక్క కలిసి వేద్దాం.